మంచు దగ్గర అన్నం ఉడకదు

ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ మనాలిలో వాన పడుతుందా లేదా అని చూస్తున్నాను. ఫోను ఎదురుగా స్టూలు మీద గోడకు ఆనించి ఉంది. వేలితో తెర ముట్టుకోవడం కుదరదు. ముట్టుకుంటే ఆ తర్వాత ఆ ఫోను ఎవరు చెవికి పెట్టుకున్నా చెంప మండుతుంది. అందుకని వేలి కణుపుతో జరుపుతున్నాను. నా భర్త ప్రభు పనిచేసే కొట్టు నుంచి ఏటా ఎండాకాలం ఒక బస్తా తేజ రకం మిరపకాయ ఇంటికి వస్తుంది. మా ఇంటికి ఏడాది కారం, ఆవకాయ కారం, ఒంగోలులో ఉండే మా ఆడపడుచు ఎస్తేరు వదినకు కారం, అన్నీ అందులోంచే. తొడిమలు తీసేది నేను. తీసిన రోజు రాత్రి చేతులు మజ్జిగలో ముంచినా మంట పోదు, కొబ్బరినూనె రాసినా పోదు. మర్నాటికి అదే తగ్గుతుంది.

గదిలోంచి ప్రభు కేకేశాడు. "ఏమైంది జయా, చూశావా? డేవిడ్ బావ ఫోన్ చేస్తున్నాడు."

"చూస్తున్నానండీ. తొడిమలు తీస్తున్నాను."

"నీకేం పని, ఫోన్లో చూసి చెప్పడమేగా."

మేం ఎక్కడికైనా వెళ్లాలంటే మే నెలలోనే వెళ్లాలి. గుంటూరు మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులు అప్పుడే. ప్రభు యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని, నా సెలవులూ అప్పుడే. దేశమంతా ఉడికిపోయే నెలలోనే మాకు దేశం చూసే వీలు. రాజస్థాన్ అంటే నిప్పుల్లో నడవడం. ఒడిశా, బెంగాల్ వైపు సాయంత్రమయ్యేసరికి గాలివాన. అస్సాం, మేఘాలయల్లో మనకంటే ముందే వానలు పట్టుకుంటాయి, కొండచరియలు దారి మీద పడతాయి. కేరళకు ఋతుపవనాలు జూన్ మొదట్లో వస్తాయి, ఒక్కో ఏడు వారం ముందే వచ్చేస్తాయి. ఊటీకి వెళ్దామంటే దక్షిణాది సగం అక్కడే ఉంటుంది. ఇక మిగిలింది హిమాచల్. అక్కడ కూడా మేలో పడమటి నుంచి మబ్బులు వస్తాయి, కింద వాన, పైన మంచు పడి దారి మూసేస్తారు. ఆ రోజుల్లో మనం అక్కడ ఉండకుండా చూసుకోవాలి. పెట్టె సర్దడంలోనూ ఇదే లెక్క. పైన నూలు బట్టలు ఉండాలి, ఎందుకంటే దారిలో రైలు ఆగే బల్లార్షా నుంచి దిల్లీ దాకా వడగాలి. కింద స్వెట్టర్లు ఉండాలి, కొండ ఎక్కాక పనికొస్తాయి. మధ్యలో గొడుగు. ఇదంతా ఎవరూ నాకు చెప్పలేదు, నేను బడిలో చెప్పే పాఠం నుంచి కొంత, ప్రతి ఏడూ చేసిన తప్పుల నుంచి కొంత నేర్చుకున్నాను. యార్డులో మాత్రం ప్రభును 'ట్రిప్పుల ప్రభు' అంటారు. షావుకారు తన కుటుంబానికి కేరళ ఎప్పుడు బాగుంటుందని ఆయన్నే అడుగుతాడు. ఆయన ఇంటికి వచ్చి నన్ను అడుగుతాడు. ఒకసారి పక్క కొట్టు మీరా హుస్సేన్ మా ఇంటికే వచ్చి, నేను కాఫీ ఇస్తుంటే, "ప్రభు అన్న బుర్రలో దేశం మ్యాపు ఉంది మేడం" అన్నాడు. ప్రభు తల వంచుకుని కాఫీ తాగాడు. మొన్న బడి ఆఖరి రోజున మా హెడ్మాస్టరు కూడా స్టాఫ్ రూములో అందరి ముందూ, "మీ ఆయన్ని మాకూ ఒక ట్రిప్పు వేసి పెట్టమనండి జయకుమారి గారూ" అన్నారు. సరేనన్నాను. నేను వేస్తానని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన నవ్వేవారు.

రెండేళ్ల కిందట మేం మనాలి వెళ్లాం. మేమంటే ప్రభు, నేను, మా అమ్మాయి ఆరాధన, ఎస్తేరు వదిన, ఆమె భర్త డేవిడ్ అన్నయ్య. మనాలి దాటాక కొండ కింద పెద్ద సొరంగం ఉంది. దాని అవతల పల్లెలో గదులు తీసుకున్నాం. అక్కడి నుంచి కారులో కాస్త పైకి వెళ్తే మేలో కూడా మంచు ఉంటుంది. ఆ పల్లెను వెతికి పట్టుకున్నది నేను. మనవాళ్లు ఉత్తరాదికి వెళ్లేటప్పుడు కరెంటు కుక్కరు, బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకెళ్లడం మామూలే. రొట్టె రెండు పూటలు తింటారు, మూడో పూట అన్నం అడుగుతారు. మంచు చూడటానికి బయల్దేరాల్సిన పొద్దున నేను తెల్లవారకముందే లేచి కుక్కరు పెట్టాను. పులిహోర కలిపి పట్టుకెళ్లాలని వాళ్ల కోరిక. కుక్కరు దీపం ఆరిపోయింది, మూత తీస్తే బియ్యం పలుకు పలుకుగా ఉన్నాయి. మళ్లీ నీళ్లు పోసి పెట్టాను. మళ్లీ పలుకే. కారు వచ్చి హారన్ కొడుతోంది.

"ఎత్తు ప్రదేశం కదండీ, ఇక్కడ నీళ్లు తొందరగా మరిగిపోతాయి. ఎంతసేపు పెట్టినా అన్నం ఉడకదు" అన్నాను.

"అన్నం వండటం చేతగాక సైన్సు చెబుతోంది" అన్నాడు ప్రభు. అందరూ నవ్వారు. "నువ్వు నిదానంగా కానీయ్. మేం వెళ్లొచ్చేసరికి ఏదో ఒకటి వండి ఉంచు. కారు వాణ్ణి ఎంతసేపు ఆపుతాం?"

వదిన కారెక్కుతూ, "పప్పులో ఉప్పు చూసుకో జయా" అంది.

గది కిటికీలోంచి కొండ కనిపించేది. కొండ మీద మంచు కనిపించేది. నేను కుక్కరు పక్కన కూర్చుని దాన్ని చూశాను. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చాక ఆరాధన తన చేతులు నా చెంపలకు ఆనించింది. చల్లగా ఉన్నాయి. నేను మంచును ముట్టుకున్నది అంతవరకే. నా కోసం కొన్న స్వెట్టరు మడత విప్పకుండా ఇంటికి తెచ్చాను. మర్నాడు వాన వచ్చి దారి మూసేస్తారని నేనే చెప్పాను, అందుకని పొద్దున్నే దిగిపోయాం.

ఆ తర్వాత ప్రతి ఎండాకాలం, మిరపకాయల తొడిమలు తీసిన రోజున, ఆ కొండ గుర్తొస్తుంది. ఈ వేళ్లు ఒక్కసారి మంచులో పెట్టాలనిపిస్తుంది. ఇది పెద్ద కోరిక కాదు. ఎవరికైనా చెబితే, ఐసు ముక్క పెట్టుకో అంటారు.

ఈ ఏడు మళ్లీ అక్కడికే వెళ్దామని అందరూ అన్నారు. నేను రోజులు చూశాను, రైళ్లు చూశాను, అదే పల్లెలో గదులు మాట్లాడాను. ఒక ఆదివారం చర్చి నుంచి వదిన, డేవిడ్ అన్నయ్య మా ఇంటికి భోజనానికి వచ్చారు. అన్నాలు వడ్డించాక నేను కూడా కూర్చుని చెప్పాను.

"ఈసారి కుక్కరు తీసుకెళ్లొద్దండీ. అక్కడ దొరికేది తిందాం. అందరం కలిసి పైకి వెళ్దాం."

డేవిడ్ అన్నయ్య కలుపుతున్న ముద్ద ఆపాడు. "రొట్టెలతో వారం రోజులా? మనిషి పిచ్చెక్కిపోతాడమ్మా."

"నేను మాత్రం వండను అన్నయ్యగారూ" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ప్రభు కూడా నవ్వుతూనే అన్నాడు. "మరి నువ్వెందుకు?"

అందరూ నవ్వారు. వదిన నవ్వింది. మా మామయ్య జక్రయ్య గారికి వినపడలేదు, ఆయన పెరుగు వేసుకుంటున్నారు. నా ముఖం మీద కూడా నవ్వు ఉందని నాకు తెలిసింది. దాన్ని వెంటనే తీసేస్తే బాగోదని కాసేపు అలాగే ఉంచాను. తర్వాత లేచి మజ్జిగ తెచ్చాను. చాలామంది ఆడవాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు తెలుసు, కానీ ఎవరూ వాళ్లను ఇంత సూటిగా అడగరు. నన్ను అడిగారు. ఇరవై ఏళ్లలో ప్రభు నన్ను అడిగిన ప్రశ్నల్లో అబద్ధం లేనిది ఇదొక్కటే.

ఆ ప్రశ్నకు ఆయనే రెండు రోజుల తర్వాత జవాబు తెచ్చాడు. "నాన్నను ఒక్కణ్ణే వదిలి ఎట్లా వెళ్తాం జయా? ఈ ఎండలకు వడదెబ్బ తగిలితే? ఎవరో ఒకరు ఉండాలి."

రెండేళ్ల కిందటా ఇవే ఎండలు, ఇదే నాన్న. అప్పుడు మెస్సు నుంచి క్యారేజీ కుదిర్చి వెళ్లాం. నేను ఆ మాటే అన్నాను.

"అప్పటికీ ఇప్పటికీ రెండేళ్లు పెద్దాయన అవలేదా? అయినా నువ్వు ఎటూ ఫోన్లో అన్నీ చూసేశావుగా. రోడ్లు, కొండలు, గదులు. నీకు కొత్తగా చూసేదేముంది?"

గొడవ పెట్టుకోవచ్చు. పెట్టుకుని గెలిస్తే నాకు దొరికేది కుక్కరు. అందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతనవును. బడిలో టైం టేబుల్ వేసేటప్పుడు ఆఖరి పీరియడ్లన్నీ నాకే వేస్తారు. మేడం ఏమీ అనరు అని వాళ్ల నమ్మకం. ఇంట్లోనూ అదే నమ్మకం. మనిషి మీద అందరికీ ఇంత నమ్మకం ఉంటే ఆ మనిషి అడుగు తీసి అడుగు వేయలేదు.

వంటకు మార్తమ్మను పిలిపించారు. మా చర్చిలో అందరికీ పెట్టే ప్రేమవిందులకు వండేది ఆమె. నలుగురిలో ఆమె గొంతే ముందు వినిపిస్తుంది. వరండాలో బల్ల మీద కూర్చుని, నేనిచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టింది.

"వండుతా గానీ సారూ, ముందే ఓ మాట. అంత దూరం తీసకపోయి పొయ్యి కాడ కూసోబెడితే ఊరుకోను. ఆ మంచేదో నేను కూడా తొక్కాల. ఆ రోజు వంట లేదు, ఏం లేదు. ఇష్టమైతే చెప్పండి."

ప్రభు నవ్వాడు. "తొక్కుదువులే మార్తమ్మా. అంత దూరం వచ్చి మంచు చూడకపోతే ఎట్లా?"

నేను గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లాను. పంపు తిప్పి ఆ గ్లాసు చాలాసేపు కడిగాను. మార్తమ్మ మీద నాకు కోపం రాలేదు. ఆమె అడిగింది, వాళ్లు ఒప్పుకున్నారు. నేనూ అదే అడిగాను. తేడా ఏమిటంటే ఆమె కాదంటే వాళ్లు ఇంకొకరిని వెతుక్కోవాలి. నేను కాదంటే ఎవరినీ వెతుక్కోనక్కర్లేదు, నేను ఇంట్లోనే ఉంటాను.

నా టికెట్టు రద్దు చేసి ఆమెకు తీయమన్నాడు ప్రభు. తీసింది నేనే. పేరు దగ్గర మార్తమ్మ అని కొట్టాను. వయసెంత అని ఫోను చేసి అడిగితే, "ఏమో జయమ్మా, మీ ఈడే రాసుకో" అంది. పెట్టెలూ నేనే సర్దాను. నూలు బట్టలు పైన, స్వెట్టర్లు కింద, గొడుగు మధ్యలో. మార్తమ్మకు చలి బట్టలు లేవంటే నా స్వెట్టరు ఇచ్చాను. మడత అప్పటికీ అలాగే ఉంది. బయల్దేరే రోజు ఆటోలో సామాను ఎక్కిస్తుంటే ఎదురింటావిడ జైనాబీ గుమ్మంలోకి వచ్చింది. "ఏం సార్, మేడం రావట్లా?"

"జయకు చలి పడదండీ" అన్నాడు ప్రభు.

గుంటూరులో పుట్టి, గుంటూరులో చదివి, గుంటూరులో కాపురం చేస్తున్నదాన్ని. చలి అంటే నాకు జనవరి తెల్లవారుజామున నీళ్లు పట్టుకునేటప్పుడు చేతులకు తెలిసేంత. అది నాకు పడదని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆరాధన ఆటోలోంచి తల బయటపెట్టి నన్నే చూసింది. "నీకు ఇష్టం లేదనే చెప్పారమ్మా నాన్న. నిజంగా ఇష్టం లేదా?" అంది. ఆటో కదిలింది.

వాళ్లు వెళ్లాక ఫోన్లు మొదలయ్యాయి. దిల్లీలో దిగి, ఎండ ఎట్లా ఉంటుందని అడిగారు. చండీగఢ్‌లో బస్సు దిగి, పైన వాన ఉందా అని అడిగారు. మనాలిలో టిఫిను చేస్తూ, సొరంగం తెరిచారా, అవతల మబ్బు ఉందా, పిల్లకు రెండు స్వెట్టర్లు వేయాలా ఒకటి చాలా అని అడిగారు. నేను వంటింట్లో చెమట తుడుచుకుంటూ వాళ్ల ఆకాశం చూసి చెప్పేదాన్ని. వాళ్లు తల ఎత్తి చూస్తే తెలిసేదాన్ని నన్ను అడిగేవాళ్లు. ఎస్తేరు వదిన ఒకసారి ఫోను తీసుకుని, "నువ్వు ఇంట్లో ఉండటమే మంచిదైంది జయా, నువ్వూ మాతో ఉంటే మాకెవరు చూసి చెప్పేవాళ్లు?" అంది. మనస్ఫూర్తిగానే అంది.

వాళ్లు మంచు దగ్గరికి వెళ్లిన రోజున నేను ఆవకాయ కలుపుతున్నాను. పళ్లెంలో మామిడి ముక్కలు, ఆవపిండి, ఉప్పు, కారం, నూనె. మోచేతి దాకా కారం. ఫోను స్టూలు మీద మోగింది, వీడియో. కణుపుతో తీశాను. తెర అంతా తెల్లగా ఉంది. కాసేపటికి అందులోంచి ఆరాధన, ఆమె వెనక మార్తమ్మ కనిపించారు. మార్తమ్మ కాళ్లకు అద్దె రబ్బరు బూట్లు, ఒంటి మీద నా స్వెట్టరు. రెండు చేతులా మంచు తీసుకుని డేవిడ్ అన్నయ్య మీదికి విసిరింది. ఆయన అరిచాడు. ప్రభు పడీ పడీ నవ్వుతున్నాడు.

"జయమ్మా! చూశావా! కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతాంది!" అని మార్తమ్మ కేకేసింది.

"అన్నం తిన్నారా?" అన్నాను.

ఆరాధన నవ్వింది. "పొద్దున పెడితే పలుకుగా ఉందమ్మా. మార్తమ్మత్త మూత పెట్టేసి, ఉడకలా, రొట్టె తినండి అంది. అందరం అదే తిన్నాం."

"నాన్న ఏమీ అనలేదా?"

"ఏమంటారు? 'ఎత్తు ప్రదేశం కదా, మంచు దగ్గర అన్నం ఉడకదు' అని నాన్నే మాకు చెప్పారు. నీళ్లు తొందరగా మరిగిపోతాయట."

ఫోను పెట్టేశాక ఆవకాయ కలపడం పూర్తిచేశాను. సగంలో వదిలితే ముక్క మెత్తబడుతుంది. జాడీలోకి ఎత్తి, పైన నూనె పోసి, గుడ్డ కట్టాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మంట అలాగే ఉంది. హాల్లోకి వెళ్లాను. మామయ్య ఫ్యాను కింద పడక్కుర్చీలో బైబిలు చదువుకుంటున్నారు. ఆయన కూడా టీచరుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ.

"మావయ్యగారూ, నేను కొన్నాళ్లు ఊరెళ్తే మీకు ఇబ్బందా?"

"ఇబ్బందేముంది? క్యారేజీ వస్తదిగా. మొన్న మీరంతా కొండలకు వెళ్లినప్పుడూ అదేగా తిన్నా. ఆ మెస్సావిడ పప్పుచారు బాగా పెడుతుంది."

"మీకు కష్టమవుతుందనే నన్ను ఉంచి వెళ్లారు."

ఆయన కళ్లజోడు తీశారు. "నా కోసమా? నన్నెవరడిగారు?"

ఆయన కొంతసేపు నన్ను చూశారు. ఏదో అంటారనుకున్నాను. న్యాయం లాంటిది, ఒక పెద్దాయన అనవలసింది. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"వెళ్లేముందు కుండలో నీళ్లు పోసి వెళ్లు. కొత్తావకాయ ఓ గిన్నెలో తీసి ఉంచు" అన్నారు.

పోశాను. తీసి ఉంచాను. మెస్సుకు ఫోను చేసి క్యారేజీ చెప్పాను. ఆయన మీద నాకు ఆశ ఉండటమే నా పొరపాటు. దాన్ని కూడా ఆ జాడీ పక్కన పెట్టేశాను.

ఫోను తీసి టికెట్లు చూశాను. తత్కాల్‌లో ఒకటి దొరికేలా ఉంది. ప్రయాణికుల పేర్లు అడిగింది. ఎప్పుడూ అయిదు పేర్లు కొడతాను, నాది ఆఖరున. ఈసారి నాది ఒక్కటే కొట్టాను. కణుపుతో కాదు, వేలితోనే. చెంప మండితే మండనీ, ఆ ఫోను చెవికి పెట్టుకునేది నేనేగా. ఆ పల్లెలో గదులిచ్చే ఆయనకు ఫోను చేసి వాళ్లు ఖాళీ చేశాక ఒక గది నాకు కావాలని హిందీలో చెప్పాను. "ఎంతమంది?" అన్నాడు. "ఒక్కదాన్నే" అన్నాను. వంటగది కావాలా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

ఒక మనిషికి పెట్టె సర్దడం నాకు అలవాటు లేదు. రెండు నూలు చీరలు పెట్టాక పెట్టెలో ఇంకా చోటు మిగిలింది. స్వెట్టరు లేదు. అది అక్కడ కొనుక్కోవచ్చు. బడి తెరవడానికి ఇంకా వారానికి పైగా ఉంది. వాతావరణం చూశాను. పడమటి నుంచి మబ్బులు వచ్చి వెళ్లిపోయాయి, నేను చేరేసరికి తెరిపి. ఇంటి తాళం చెవి ఒకటి మామయ్య బైబిలు పక్కన పెట్టాను. ఆయన నిద్రపోతున్నారు. జైనాబీ గుమ్మంలో నిలబడి, "మేడం, మీకు చలి పడదన్నారుగా" అంది. "అదే చూసొద్దామని" అన్నాను.

విజయవాడలో పొద్దున రైలెక్కాను. ఖమ్మం దాటింది, వరంగల్ దాటింది. కిటికీ అవతల పత్తి తీసేసిన చేలు, వాటి మీద ఎండ. మధ్యాహ్నం ఎప్పటికో రైలు ఆగింది. సీసా పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగాను. గాలి ముఖానికి కొట్టింది. పంపులో నీళ్లు వేడిగా వచ్చాయి. నింపుతుండగా ఫోను మోగింది. ప్రభు.

"దిల్లీలో రైలెక్కాం జయా. అందరూ అలసిపోయారు. రేపు వచ్చేసరికి వేడిగా అన్నం వండి ఉంచు, కొత్తావకాయ, ముద్దపప్పు. వారం రోజులైంది మంచి అన్నం తిని. అక్క వాళ్లు కూడా ముందు మనింటికే వస్తారు." వెనక నుంచి మార్తమ్మ గొంతు, ఎవరి మీదో జోకు వేస్తోంది. "ఆఁ, గుంటూరులో ఎట్లా ఉంది? ఎండేనా, వాన పడేట్టుందా?"

వాళ్ల రైలూ నా రైలూ ఈ రాత్రి ఎక్కడో ఇటార్సీకి అటో ఇటో ఎదురవుతాయి. అప్పటికి నేను నిద్రపోతుంటాను. సీసా మూత బిగించాను. గార్డు పచ్చజెండా ఊపుతున్నాడు. మెట్టు మీద కాలు పెట్టి తల ఎత్తి ఆకాశం చూశాను.

"గుంటూరు సంగతి తెలియదండీ" అన్నాను. "బల్లార్షాలో మాత్రం వడగాలి కొడుతోంది."